పిళ్ళప్ప బండి తోలిన బొమ్మ

జయలక్ష్మమ్మ కైవారకు కోడలుగా వచ్చేనాటికి ఆమె మామగారు పిళ్ళప్ప చనిపోయి నాలుగేళ్ళయింది. అయినా ఆయన్ను ఆమె ఎన్నోసార్లు చూసింది. ఆయన నడక తెలుసు. మీసం తెలుసు. బండి ఎక్కే ముందు ఎద్దు గంగడోలు మీద చెయ్యి వేసి నిమిరే తీరు తెలుసు. అదంతా ఆమె బాగేపల్లిలో, టెంటు సినిమాలో నేల మీద కూర్చుని చూసిందే.

ఆమె తండ్రి మునివెంకటప్ప బాగేపల్లి దగ్గర వేరుశనగ పండించే రైతు. ఏటా పంట ఇంటికి చేరాక ఊరి బయట టెంటు వేసేవారు. ఆ టెంటుకు ఎన్ని కొత్త సినిమా బొమ్మలు వచ్చినా, ఊరివాళ్ళు అడిగి మరీ తెప్పించుకునే పాత బొమ్మ ఒకటుండేది. తల్లిదండ్రులు లేని చెల్లెలిని పెంచి పెద్దచేసిన ఒక అన్న కథ అది. ఆ చెల్లెలు అత్తవారింటికి బయలుదేరినప్పుడు కొండ దారిలో ఎద్దులబండి పోతుంది. వెనక ఎక్కడో పాట వినిపిస్తుంటుంది. బండి మెల్లగా మిట్ట ఎక్కుతుంది. మిట్ట మీదికి చేరాక, దిగువకు దిగే ముందు, బండి తోలే మనిషి ఒక్కసారి తల పక్కకు తిప్పి, మీసాల కింద నవ్వీ నవ్వనట్టు నవ్వుతాడు. అంతే, బండి కొండ అవతలికి దిగిపోతుంది.

అది చూసి బాగేపల్లి ఆడవాళ్ళందరూ ఏడ్చేవాళ్ళు. ఎవరి పెళ్ళి బండి వాళ్ళకు గుర్తొచ్చేది. జయలక్ష్మమ్మకు అప్పటికి పెళ్ళి కాలేదు గనుక ఏడుపు రాలేదు. ఆమెకు ఆ బండాయన నచ్చాడు. ఆయన తల తిప్పినప్పుడు తన వైపే చూసినట్టుండేది. పక్కన కూర్చున్న ప్రతి పిల్లా తన వైపే చూశాడనేది. దాని మీద వాళ్ళలో వాళ్ళకు పోట్లాటలు కూడా అయ్యేవి. బొమ్మలో హీరో ఎవరో, ఆయన ఏం మాట్లాడాడో మర్చిపోయారు గానీ ఆ బండాయన్ను ఎవరూ మర్చిపోలేదు. అందుకే ఆ బొమ్మకు అసలు పేరు పోయి ‘బండి బొమ్మ’ అనే పేరు మిగిలింది.

పెళ్ళి పీటల మీద కూర్చున్నప్పుడు, పక్కనున్న పెళ్ళికొడుకు నరసింహప్ప ముఖం ఎక్కడో చూసినట్టు అనిపించింది ఆమెకు. ఎక్కడో తట్టలేదు. కైవారకు వచ్చాక ఒక ఉదయం నరసింహప్ప పొలానికి బండి కడుతున్నాడు. కాడి ఎత్తి, ఎద్దుల మెడల మీద పెట్టి, బండి ఎక్కబోతూ ఆగి, కుడిపక్క కట్టిన వలపటి ఎద్దు గంగడోలు మీద చెయ్యి వేసి నిమిరాడు. గడపలో నిలబడి చూస్తున్న జయలక్ష్మమ్మ చేతిలోని చెంబు అట్లాగే పట్టుకుని బయటికి వచ్చింది.

“ఏమండీ, మీరు బండి బొమ్మ చూసి నేర్చుకుంటిరా అది?”

నరసింహప్ప ముందు అర్థంకాక చూశాడు. తర్వాత నవ్వాడు. “బొమ్మ చూసి కాదే. ఆ బొమ్మలో బండి తోలింది మా నాయనే గదా. మీవాళ్ళు చెప్పలేదా?”

ఎవరూ చెప్పలేదు. బాగేపల్లివాళ్ళకు ఆ బండాయన పేరు తెలియదు. బొమ్మ మొదట్లో తెర మీద వచ్చే పేర్లలో అది లేదు.

ఆనాటి నుంచి జయలక్ష్మమ్మకు ఆ ఇల్లు పరాయిది కాలేదు. తనకు తెలిసిన మనిషి ఇంటికే వచ్చాననుకుంది.

పిళ్ళప్ప భార్య మునిరత్నమ్మ మాట తక్కువ మనిషి. పొడుగ్గా, నిటారుగా ఉండేది. భర్త పోయాక సేద్యం చెడనివ్వకుండా కొడుకును వెంటబెట్టుకుని నడిపించింది. ఆమె ముందు గొంతు పెంచి మాట్లాడేవాళ్ళు ఊళ్ళో లేరు. కైవారలో ఆడా మగా అందరూ ఎప్పుడో ఒకప్పుడు చింతామణికి పోయి ఆ బొమ్మ చూసి వచ్చారు. చూడనిది మునిరత్నమ్మ ఒక్కతే.

ఆ సంగతి కోడలికి తెలిసింది రాగులు చెరుగుతున్నప్పుడు. అత్త చేట ఆడిస్తూ, తల ఎత్తకుండా అడిగింది.

“జయా, ఆ బొమ్మలో మీ మామ రుమాలు ఎట్ల కట్టుకోని ఉండాడు?”

“ఎడమ చెవి మీదికి కొస వదిలి కట్టుకోని ఉండాడు అత్తా. మీరు చూడలేదా?”

“లేదు.” కాసేపు చేట ఆడింది. “కొస వదిలితే మంచిదే. సినిమా కంపెనీ వాళ్ళు మార్పిస్తారేమో అనుకుంటి.”

ఆ తర్వాత ఒకరోజు ఒక మాట, ఇంకోరోజు ఇంకో మాటగా ఆమే కథంతా చెప్పింది. కొన్నేళ్ళ కిందట మద్రాసు నుంచి ఒక సినిమా కంపెనీ వాళ్ళు కైవార కొండల దగ్గరికి వచ్చారు. వాళ్ళు తెచ్చుకున్న బండి, ఎద్దులు ఆ మిట్ట ఎక్కలేకపోయాయి.

“ఊళ్ళోకి వచ్చి మంచి జత యాడుండాదని అడిగినారు. అందరూ మా ఇల్లే చూపించినారు,” అంది మునిరత్నమ్మ. “మీ మామ ఎద్దులు తోలుకోని పోయినాడు. అక్కడ ఆయప్పకు పట్టు పంచె కట్టినారంట, ముఖానికి పౌడరు పూసినారంట. అంతవరకూ ఊరకే ఉన్నాడు. మీసం తీసేయమంటే మాత్రం ఒప్పుకోలేదు. ‘మీసం తీస్తే ఎద్దులు నన్ను ఆనవాలు పట్టవు సామీ, మీ పెండ్లికూతుర్ని కాలవలో పడేస్తాయి’ అన్నాడంట.”

“అప్పుడు వాళ్ళేమన్నారు అత్తా?”

“ఏమంటారు. కంపెనీ పెద్దాయన నవ్వి, మీసంతోనే తోలప్పా అన్నాడు.”

“మరి బొమ్మ వచ్చినప్పుడు మామ చూసినాడా?”

“లేదు. ‘నన్ను నేను చూసుకునేదేముండాదే, పొలంలో పనుండాది’ అన్నాడు. ఆయన పోకుంటే నేనెట్ల పోతాను? మళ్ళీ ఏడు పోదాములే అనుకున్నాము. అంతలోనే జొరమొచ్చి పోయినాడు.”

ఆ ఇంట్లో పిళ్ళప్ప ఫోటో లేదు. ఆ రోజుల్లో సేద్యగాళ్ళ ఇళ్ళల్లో ఎవరు ఫోటోలు తీయించుకున్నారు. ఆయన ముఖం ఉన్నదల్లా ఆ బొమ్మలోనే.

మరుసటి ఏడు ఎండాకాలంలో చింతామణి సంత బయలులో లక్ష్మణప్ప అనే ఆయన టెంటు వేశాడు. రెండో ప్రపంచ యుద్ధం జరుగుతున్న కాలం. పెట్రోలు లేక బస్సులు బొగ్గుల పొయ్యి తగిలించుకుని పొగ కక్కుతూ నడిచేవి. కిరసనాయిలు దొరకడం కష్టంగా ఉండేది. సినిమా తీసే రీలు కూడా కరువై మద్రాసులో కొత్త బొమ్మలు తగ్గిపోయాయి. లక్ష్మణప్ప ఒక కొత్త బొమ్మ కోసం బెంగళూరుకు మనిషిని పంపిస్తే, అది ఇప్పట్లో రాదని కబురు వచ్చింది. చేసేది లేక అక్కడి గోదాములో పడివున్న పాత రీళ్ళ డబ్బాలు తెప్పించుకున్నాడు. వాటిలో బండి బొమ్మ ఉంది.

పాతదాన్ని ఎవరు చూస్తారని ఆయనకు బెంగగానే ఉండింది. తీరా వేశాక మొదటి ఆటకే నేల నిండిపోయింది. వచ్చినవాళ్ళలో సగంమంది అంతకుముందు చూసినవాళ్ళే. వీళ్ళు ఎందుకు వస్తున్నారో లక్ష్మణప్పకు అంతుపట్టలేదు గానీ సంతోషంగా పక్క ఊళ్ళన్నిటా తప్పెట కొట్టించి చాటింపు వేయించాడు.

కైవారలో తప్పెట మోగిన రోజు మధ్యాహ్నం నరసింహప్ప తల్లి దగ్గర కూర్చున్నాడు.

“అమ్మా, నాయన బొమ్మ వచ్చిండాది. ఈసారైనా రామ్మా. బండి కడతాను.”

“మీరు పోయి రాపోండి. నాకు పనుండాది.”

అది పిళ్ళప్ప చెప్పిన జవాబే. నరసింహప్ప లేచిపోయాడు. జయలక్ష్మమ్మ మాత్రం వదల్లేదు. సాయంత్రం పెరట్లో అత్త తలకు నూనె రాస్తూ అడిగింది.

“అత్తా, మీకు భయమా?”

మునిరత్నమ్మకు భయమా అని అడిగిన మనిషి అంతవరకూ లేదు. ఆమె కోప్పడలేదు. ముందుకే చూస్తూ చెప్పింది.

“భయమే అనుకో. ఆయన ఎట్ల నడిచేవాడో, ఎట్ల కూర్చునేవాడో నా కండ్లల్లో ఉండాది. రోజూ పొద్దున్నే ఒకసారి తలుచుకుంటాను. ఆ బొమ్మలో పౌడరు పూసుకోని, పట్టుపంచె కట్టుకోని ఇంకెవరో మాదిరి ఉన్నాడనుకో. అది చూసినాక నా కండ్లల్లో ఉండేది చెరిగిపోతే? మళ్ళా యాడికి పోయి తెచ్చుకునేది?”

జయలక్ష్మమ్మ చేతులు ఆగిపోయాయి. తర్వాత తనకు తెలిసిందే చెప్పింది.

“అత్తా, నేను మామను ఆ బొమ్మలోనే చూసినాను. బాగేపల్లిలో ఏటేటా చూసినాను. కొత్త బొమ్మ అయితే ఏమి జరుగుతుందా అని చూస్తాము. ఆ బొమ్మను మాత్రం, ఆయన ఎప్పుడు వస్తాడా అని చూసేవాళ్ళము. మేము చూసింది నిజంగా ఆయనేనా, కంపెనీ వాళ్ళు చేసిన వేషమా అనేది మాకెట్ల తెలుస్తాది? చెప్పగలిగింది మీరొక్కరే. మీరు చూసి, ఔను, ఇట్లనే ఉండేవాడు అంటే నాకు మామ ఉన్నట్టు. కాదంటే లేనట్టు.”

మునిరత్నమ్మ జడ అల్లించుకుని ముడి వేయించుకుంది. లోపలికి పోతూ గడప దగ్గర ఆగి, “నరసింహను ఎద్దులకు మేత పెందలాడే వెయ్యమని చెప్పు. రేపు పోదాము,” అంది.

మునిరత్నమ్మ బొమ్మకు పోతోందని తెలిసేసరికి మరునాడు కైవారలో బండ్ల మీద బండ్లు కట్టారు. పక్కింటి చిక్కమ్మ, నడవలేని ముసలామె, తనను కూడా ఎక్కించుకోమని పట్టుబట్టింది. దారి పొడుగునా పిళ్ళప్ప మాటలే. పొద్దు గూకే వేళకు చింతామణి చేరారు. టెంటులో ఆడవాళ్ళ వైపు ఇసుక మీద కూర్చున్నారు. జనం మధ్యలో మునిరత్నమ్మ, ఒక పక్క జయలక్ష్మమ్మ, ఇంకో పక్క చిక్కమ్మ.

ముందు యుద్ధం బొమ్మలు చూపించారు. విమానాలు ఎగిరాయి, ఫిరంగులు పేలాయి. ఎవరూ పట్టించుకోలేదు. తర్వాత అసలు బొమ్మ మొదలైంది. ఒక్కో రీలు అయిపోగానే దీపాలు వెలిగేవి, మిషను ఆపరేటరు ఇంకో రీలు ఎక్కించేవాడు. అన్న చెల్లెలికి పెళ్ళి చేశాడు. అప్పగింతలు జరిగాయి. కైవార ఆడవాళ్ళు సర్దుకుని కూర్చున్నారు. జయలక్ష్మమ్మ అత్త చెయ్యి పట్టుకుంది. తెర మీద ఆ పిల్ల గడప దాటుతూ కళ్ళు తుడుచుకుంది.

మరుక్షణం ఆ పిల్ల అత్తగారింట్లో దీపం వెలిగిస్తోంది.

బండి రాలేదు. కొండ లేదు. పాట లేదు.

నేలంతా ఒక్కసారి గుసగుసలాడింది. మగవాళ్ళ వైపు నుంచి నరసింహప్ప లేచి నిలబడ్డాడు. “ఏమప్పా, బండి యాడ?” అన్నాడు ఎవరో. “ఆపు, ఆపు” అని నలుగురైదుగురు కేకలు వేశారు. మిషను ఆగింది. దీపాలు వెలిగాయి. లక్ష్మణప్ప తెర ముందుకు వచ్చి చేతులు జోడించాడు.

“కోపం చేసుకోవద్దప్పా. ఆ ముక్క బాగా నలిగిపోయిండాది. నిన్నటి ఆటలో అంచులు తెగిపోయినాయి. మిషనులో పోదు. అందుకే తీసి పక్కన పెట్టినాము. బండి లేకుంటే కథకేమీ నష్టం లేదు గదా.”

నరసింహప్ప ముందుకు పోబోయాడు. అంతలో ఆడవాళ్ళ వైపు నుంచి మునిరత్నమ్మ లేచి నిలబడింది. జీవితంలో మొదటిసారి టెంటులోకి వచ్చిన మనిషి, అంత జనం మధ్య, దీపాల వెలుగులో నిలబడి అడిగింది.

“ఏమప్పా, బండి లేకుంటే ఆ పిల్ల అత్తగారింటికి ఎట్ల పోయింది? ఎగిరి పోయిందా?”

జనం గొల్లున నవ్వారు. లక్ష్మణప్ప కూడా నవ్వబోయి, ఆమె నవ్వడం లేదని చూసి ఆగిపోయాడు.

“ఆ బండి తోలింది నా మొగుడు,” అంది మునిరత్నమ్మ. గొంతు పెంచలేదు. కానీ వెనక వరుస దాకా వినిపించింది. “కైవార పిళ్ళప్ప అంటారు. మీ కంపెనీ ఎద్దులు మిట్ట ఎక్కలేదని మా ఇంటికి వచ్చి అడిగితే పోయి తోలినాడు. ఆయప్ప లేకుంటే ఆ పిల్ల ఈ పొద్దుకీ పుట్టింట్లోనే ఉండేది. ఆ ముక్క ఉండాదా, పారేసినారా? అది చెప్పు.”

మిషను పక్కనుంచి ఆపరేటరు ఆంజనేయప్ప వచ్చాడు. నెరిసిన జుట్టు, మిషను దీపంలో మండే బొగ్గుపుల్లల మసి అంటిన చేతులు.

“ఉండాదమ్మా,” అన్నాడు. “డబ్బాలో పెట్టినాను. పారేయడానికి నాకు మనసు రాలేదు.”

“అతికించడానికి అవుతాదా?”

ఆంజనేయప్ప లక్ష్మణప్ప వైపు చూశాడు. “అతికించవచ్చు. కానీ మిషనులో ఇరుక్కుంటే దీపం వేడికి అంటుకుంటాది. మంట లేస్తే రీలంతా పోతాది. మెల్లగా, పక్కనే నిలబడి, చేత్తో పట్టుకోని తోలాల.”

“తోలగలవా?”

“మీ ఇంటాయన మిట్ట మీద తోలినాడు. నేను మిషను మీద తోలలేనా అమ్మా,” అన్నాడు ఆంజనేయప్ప.

“అయితే రేపు వస్తాము,” అంది మునిరత్నమ్మ. కూర్చోలేదు. కోడలి చెయ్యి పట్టుకుని బయటికి నడిచింది. ఆమె వెనక కైవార వాళ్ళందరూ లేచారు.

ఇంటికి పోయే దారిలో నరసింహప్ప దిగులుగా, “ఊరకే తిప్పినాను నిన్ను,” అంటే, “తిప్పితే ఏమి, నా కాళ్ళకు నొప్పా? ఎద్దులు కదా నడిచేది,” అంది. ఆమె గొంతులో దిగులు లేదు. టెంటులో అంతమంది ముందు భర్త పేరు చెప్పడం ఆమెకు అదే మొదలు. అంతకుముందు ఎప్పుడూ ఆమె నోట ఆ పేరు ఎవరూ వినలేదు.

మరునాడు కైవార బండ్లు మళ్ళీ బయలుదేరాయి. ముందురోజు జరిగింది చింతామణి అంతా తెలిసిపోయింది. సంతకు వచ్చినవాళ్ళు సంత అయిపోయినా ఇళ్ళకు పోలేదు. మురుగమల్ల దర్గాకు పోయి వస్తున్న యాత్రికులు కూడా బస్సు వదులుకుని టెంటుకు వచ్చారు. నేల చాలక గుడారం అంచులు ఎత్తి కట్టారు. లక్ష్మణప్ప మునిరత్నమ్మకు కుర్చీ తెచ్చి వేశాడు. ఆమె అందులో కూర్చోలేదు. దాన్ని చిక్కమ్మకు ఇచ్చి, తాను ఇసుక మీద కోడలి పక్కన కూర్చుంది.

అప్పగింతలు అయ్యాయి. ఆ పిల్ల గడప దాటింది. తెర ఒక్కసారి తెల్లబడింది, చిటపటమని చప్పుడైంది. మిషను దగ్గర ఆంజనేయప్ప రెండు చేతులతో రీలును పట్టుకుని వంగి నిలబడి ఉన్నాడు.

కొండ కనిపించింది. తెర మీద నిలువునా గీతలు, వాన పడుతున్నట్టు. ఆ గీతల వెనకనుంచి ఒక మనిషి నడిచి వచ్చాడు. పట్టుపంచె మోకాళ్ళ దాకా ఎగగట్టుకుని ఉన్నాడు. రుమాలు కొస ఎడమ చెవి మీద ఉంది. వలపటి ఎద్దు గంగడోలు నిమిరి, బండి ఎక్కి కూర్చున్నాడు.

మునిరత్నమ్మ చెయ్యి కోడలి చేతిలో బిగుసుకుంది. ఆమె ముఖంలో ఏమీ కనిపించలేదు. బండి కదిలింది. మిట్ట మొదలైంది. పాట వచ్చింది.

“కాడి ఎడమకు జరిగిండాది,” అంది మునిరత్నమ్మ మెల్లగా.

జయలక్ష్మమ్మ తెర వైపు చూసింది. ఇన్నిసార్లు చూసినా ఆమె ఎప్పుడూ కాడి చూడలేదు. నిజమే, కొద్దిగా పక్కకు జరిగి ఉంది.

“ఇప్పుడు ముందుకు వంగుతాడు చూడు. కాలితో తోస్తాడు. చెయ్యి పెట్టడు.”

తెర మీద పిళ్ళప్ప పగ్గాలు వదలకుండా ముందుకు వంగి, కుడికాలు చాపి, మడమతో కాడిని ఒక్క తోపు తోశాడు. కాడి సర్దుకుంది. ఎద్దులు సమంగా అడుగు వేశాయి. ఎన్నో ఏండ్లుగా ఆ బొమ్మ చూస్తున్న జయలక్ష్మమ్మకు అది మొదటిసారి కనిపించింది. ఎన్నడూ ఆ బొమ్మ చూడని అత్తకు అది ముందే తెలుసు.

“ఆయనే,” అంది మునిరత్నమ్మ. “వేషం గీషం ఏమీ లేదు. ఇట్లనే ఉండేవాడు.”

చుట్టూ ఉన్న ఆడవాళ్ళు ఆ మాట విన్నారు. ఒకరినుంచి ఒకరికి అది పాకింది. బండి మిట్ట మీదికి చేరింది. పిళ్ళప్ప తల పక్కకు తిప్పాడు. మీసాల కింద నవ్వు మెరిసింది. బండి అవతలికి దిగిపోయింది.

చప్పట్లు మొదలయ్యాయి. మగవాళ్ళ వైపు నుంచి, ఆడవాళ్ళ వైపు నుంచి, గుడారం బయట నిలబడ్డవాళ్ళ నుంచి. అప్పట్లో సినిమాకు చప్పట్లు కొట్టే అలవాటు ఆ పక్కల పెద్దగా లేదు. అయినా కొట్టారు. రీలు అయిపోయి దీపాలు వెలిగాక, “మళ్ళా వెయ్యప్పా, బండి మళ్ళా వెయ్యి” అని కేకలు మొదలయ్యాయి. ఆంజనేయప్ప చెమట తుడుచుకుంటూ మునిరత్నమ్మ వైపు చూశాడు.

“వేస్తానమ్మా, మీరు చెప్పండి.”

ఆమె తల అడ్డంగా ఆడించింది. “వద్దప్పా. రీలు అరుగుతాది. వేరే ఊళ్ళవాళ్ళు కూడా చూడాల గదా. నువ్వు బాగా తోలినావు.”

ఆంజనేయప్ప ఆ మాటకు చేతులు జోడించాడు. ఆయన అన్నేళ్ళ పనిలో మిషను బాగా తోలినావని ఎవరూ అన్న పాపాన పోలేదు.

బొమ్మ అయిపోయి బయటికి వస్తుంటే జయలక్ష్మమ్మ ఎప్పటినుంచో తన మనసులో ఉన్నది అడిగింది.

“అత్తా, మిట్ట మీద మామ తల తిప్పి చూస్తాడు గదా. అక్కడ టెంటులో ఉండే వాళ్ళనందరినీ చూసినట్టుంటాది. మా బాగేపల్లిలో మేము నన్నంటే నన్ను అని కొట్లాడుకునేవాళ్ళము.”

మునిరత్నమ్మ నడుస్తున్నది ఆగింది. అప్పుడు నవ్వింది. కోడలు ఆ ఇంటికి వచ్చాక అత్త అంత నిండుగా నవ్వడం అదే మొదలు.

“మిమ్మల్నెవర్నీ కాదే. నన్ను.”

“మిమ్మల్నా?”

“ఆ పొద్దు నేను ఆయనకు సంగటి గంప ఎత్తుకోని కొండకు పోతి. ఆ బొమ్మ తీసే పెట్టె పక్కన నిలబడుకోమన్నారు, అడ్డం రావద్దన్నారు. పట్టుపంచెలో ఆయన్ను చూసి నాకు నవ్వొచ్చె. కొంగు అడ్డం పెట్టుకోని నవ్వుతా ఉంటి. అది చూసి ఆయనకూ నవ్వొచ్చె. పక్కకు చూడొద్దని కంపెనీ వాళ్ళు చెప్పినారంట. అయినా చూసినాడు.” ఆమె కొంగు సర్దుకుంది. “నేను కొండకు పోయిందే మర్చేపోతిని, అందుకే రుమాలు సంగతి కూడా నిన్ను అడిగితిని. ఈ పొద్దు ఆయనే గుర్తు చేసినాడు.”

తన కళ్ళల్లో ఉన్నది చెరిగిపోతుందని భయపడ్డ మనిషికి, చెరిగిపోయిందే తిరిగి దొరికింది. అత్త ముందు నడుస్తుంటే జయలక్ష్మమ్మ వెనక నడిచింది. టెంటు బయట ఎవరెవరో తెలియని ఆడవాళ్ళు దారి ఇచ్చి నిలబడ్డారు. ఒక యాత్రికురాలు దగ్గరికి వచ్చి, “ఆ బండాయన మీవాడేనంట గదా అమ్మా?” అని అడిగింది.

“ఔనమ్మా. మావాడే,” అంది మునిరత్నమ్మ, తల ఎత్తి.

బొమ్మ చింతామణిలో లక్ష్మణప్ప అనుకున్నదానికంటే చాలా రోజులు ఆడింది. మునిరత్నమ్మ ఇంకా కొన్నిసార్లు వెళ్ళింది. ఒకసారి కొడుకుతో, ఒకసారి చిక్కమ్మతో. ఆ తర్వాత వేరే పాత బొమ్మలు వేస్తే అవీ చూసింది. ఒక బొమ్మలో రాజు రథం తోలేవాణ్ణి చూసి, “పగ్గాలు పట్టుకోవడం రాదు వీనికి. ఎవరూ సరైన మనిషి దొరకలేదేమో పాపం,” అని అక్కడే అనేసింది. ముందు వరుసలోని వాళ్ళు వెనక్కి తిరిగి చూసి, ఆమె అని తెలుసుకుని, ఔనౌనన్నారు.

వానలు పడే ముందు లక్ష్మణప్ప టెంటు ఎత్తి, చిక్కబళ్ళాపురానికీ అక్కడినుంచి బాగేపల్లికీ పోయాడు. అతికించిన ముక్కను ఇక తీసి పక్కన పెట్టలేదు.

కొన్ని వారాలకు జయలక్ష్మమ్మను చూడటానికి తండ్రి మునివెంకటప్ప కైవారకు వచ్చాడు. చెప్పులు విప్పుతూనే మొదలుపెట్టాడు.

“ఏమమ్మా మునిరత్నమ్మా, మా ఊళ్ళో తప్పెట వేసి ఏమని చెప్తాండారో తెలుసునా? ముందు హీరో పేరు చెప్పినారు, తర్వాత హీరోయిన్ పేరు చెప్పినారు. ఆమీదట ‘కైవార పిళ్ళప్ప బండి తోలిన బొమ్మ’ అని గట్టిగా చెప్పినారు. తెలుగులో ఒకసారి, కన్నడంలో ఒకసారి. చిక్కబళ్ళాపురంలో కూడా అట్లనే చెప్పినారంట. నేను ఆ తప్పెటవాణ్ణి నిలబెట్టి, ఆయన మా వియ్యంకుడప్పా అని చెప్పి వచ్చినాను.”

మునిరత్నమ్మ, “అట్లనా అప్పా,” అని మాత్రం అంది. వియ్యంకుడికి కాళ్ళు కడుక్కోవడానికి నీళ్ళు ఇచ్చింది. సంగటి వడ్డించమని కోడలికి చెప్పింది. ఆయన భోజనానికి కూర్చోగానే, మూలనున్న పెద్ద బిందె చంకన పెట్టుకుని వీధిలోకి బయలుదేరింది.

“యాడికమ్మా?” అని అడిగాడు నరసింహప్ప.

“ఊరి బావికి, నీళ్ళకు.”

వాళ్ళ పెరట్లోనే బావి ఉంది. ఊరి బావి ఆ చివర ఎక్కడో ఉంది. అక్కడికి పోవాలంటే కైవారలోని అన్ని వీధులూ దాటుకుని, అందరి గడపల ముందునుంచీ, పలకరించినవాళ్ళకు సంగతులు చెప్పుకుంటూ నడవాలి. నరసింహప్ప ఏదో అనబోయాడు. జయలక్ష్మమ్మ కళ్ళతోనే వద్దంది.